పసుపు చల్లి పూడ్చిన గుంత

గుండ్లపల్లె, మెట్‌పల్లి తాలూకా
6 డిసెంబరు 1976

తమ్ముడు భూమయ్యకు అక్క దేవవ్వ దీవెనలు.

అందరం బాగున్నామని రాసి ఉత్తరం మొదలుపెట్టాలట. బాగుంటే రాసేదాన్నే.

నీతో మస్కట్ పోయిన నర్సయ్య జ్వరం తగ్గక కంపెనీ వదిలేసి మొన్న ఊరికి వచ్చాడు. నువ్వు పంపిన సబ్బులూ టార్చిలైటూ అప్పజెప్పాడు. అక్కడ నీ పని ఏమిటని అడిగితే కాలి బొటనవేలితో నేల గీకాడు. పక్కన సత్తవ్వ ఉండనే ఉంది. దేవుడు దానికి ఇల్లు మన గోడ పక్కనే ఇచ్చాడు. అది వాణ్ణి గుచ్చి గుచ్చి అడిగి కక్కించింది. సాయంత్రానికి బోరింగు దగ్గర ఊరంతా వినేటట్టు అరిచింది: "ఓ దేవవ్వా! నీ తమ్ముడు మస్కట్ల మేడలు కడుతుండంటివి గదనే! గోరీలు తవ్వుతుండట గదా!" బిందె సగం నిండకుండానే ఎత్తుకొని వచ్చేశాను.

మొన్న దసరా కాగానే రోడ్డు పని అని నాకు చెప్పి పోయావు. అబద్ధమాడడం ఎక్కడ నేర్చుకున్నావు? అమ్మ పోయాక నిన్ను చంకనేసుకొని పెంచాను. నా కడుపున పుట్టిన పిల్లనే నీకిచ్చాను. తమ్ముడివని తిట్టాలో, అల్లుడివని ఊరుకోవాలో తెలియక నా నోరు సగం పాడైంది. ఈ ఊళ్ళో బావులు తవ్వావు. నీళ్ళ కోసం తవ్వితే నలుగురూ తాగారు. చచ్చినవాళ్ళ కోసం తవ్వితే ఎవరు తాగుతారు?

ఇప్పుడు అసలు మాట. యాదవ్వకు మూడో నెల. ముందు రెండుసార్లూ పిల్ల చేతికి రాకుండానే పోయింది. కడుపుతో ఉన్నదాని మొగుడు పాడె పట్టకూడదు, శవాన్ని తాకకూడదు, వల్లకాట్లో అడుగు పెట్టకూడదు. ఇది నేను పుట్టించిన మాట కాదు, నీకూ తెలుసు. వెంటనే వేరే పని అడుక్కో. దొరకకపోతే, తవ్వుతున్నప్పుడు ఎముక కనబడితే చేత్తో ముట్టకు. బావి తవ్వేటప్పుడు ఎముకలు తగిలితే నాయన చేసినట్టే చెయ్యి. పసుపు చల్లి, పాలు పోసి, ఒక పైసల బిళ్ళ పెట్టి, "మా తప్పు కాయి, పడుకో" అని చెప్పి, ఎవరూ చూడకముందే మట్టి కప్పెయ్యి. వెనక్కి చూడకు.

ఆ ఎండకు నెత్తిన తడిగుడ్డ వేసుకుంటున్నావా? లారీ అంచున కూర్చోకు. తేళ్ళుంటాయట, చెప్పులు దులిపి తొడుక్కో.

కోపంతో,
నీ అక్క దేవవ్వ


బహ్లా
27 డిసెంబరు 1976

అక్కా,

నీ ఉత్తరంలో దీవెనలు ఒక్క వాక్యం, మిగతాదంతా నిప్పు. యాదవ్వ సంగతి ఆ నిప్పుల మధ్య దాచిపెట్టావు. అది మొదట రాయాల్సిన మాట కాదా? రూములో అందరికీ చాయ్ పోయించాను. తడిగుడ్డ అక్కర్లేదు, ఇక్కడ ఇప్పుడు పొద్దున్నే వణికించే చలి.

నర్సయ్య సగమే చెప్పాడు. ఇది రోడ్డు పనే. ఈ బహ్లా ఊరి తోటల మీదుగా కొత్త రోడ్డు గీశారు. మిషన్లు దిగకముందే ఆ నేల కింద పాతకాలపు ఇళ్ళో సమాధులో ఉన్నాయేమో చూడాలట. చూసేవాళ్ళు తెల్లవాళ్ళు, వాళ్ళ పెద్ద ఒక మేడం. తోటలో అక్కడొకటి ఇక్కడొకటి సన్నటి పొడుగు గుంతలు తవ్విస్తారు. ట్రెంచీలంటారు. మేము పారతో పైమట్టి తీస్తాం, మేడం వంగి తాపీతో గీకి చూస్తుంది. ఏమీ లేకపోతే కాగితం మీద రాసుకొని, తీసిన మట్టినే మళ్ళీ పూడ్చమంటుంది. పాతది ఏదైనా దొరికితే రోడ్డును పక్కకు తిప్పుతారు. దొరకకపోతే గీసిన గీత మీదే రోడ్డు పడుతుంది. అంతే మా పని.

ఇప్పుడు రషీద్ అనే రైతు తోటలో డ్యూటీ. ఖర్జూరపు చెట్లు, వాటి కింద పశువుల గడ్డి మడులు, మధ్యలో రాళ్ళు పేర్చిన కాలువ. ఫలజ్ అంటారు. కొండలోంచి నీళ్ళు వాటంతట అవే పారుకుంటూ వస్తాయి, రైతులు వంతుల ప్రకారం పెట్టుకుంటారు. మేము గడ్డిమడిని అడ్డంగా కోసేసరికి రషీద్ చేతికర్ర ఎత్తాడు. చిన్నప్పుడు కరాచీలో ఉన్నాడట, ఉర్దూ వచ్చు. మా ఫోర్‌మన్ బాబు మియా మన బోధన్ మనిషి. ఇద్దరికీ రోజూ తగువే.

"నా తోటలో నీ తాత ఏమైనా దాచిపెట్టాడా?" అంటాడు రషీద్.

"ఉంటే నీకే మంచిది భాయ్. రోడ్డు అవతలికి పోతది," అంటాడు బాబు మియా.

"ముందు నువ్వు నా గడ్డి మీంచి దిగు!"

ఈ పని వదలను. వేరే పని అడిగితే సామాను సర్దుకోమంటారు. నువ్వు ఊరికే యాదవ్వను భయపెట్టకు.

తమ్ముడు
భూమయ్య


గుండ్లపల్లె
17 జనవరి 1977

భూమయ్యకు,

చాయ్ పోయించావా? కాన్పు కాకముందే ఊరికి చాటుకుంటారా ఎవరైనా? దిష్టి అనేది ఒకటుందని మస్కట్ పోగానే మరిచిపోయావు.

తీసిన మట్టినే మళ్ళీ పూడ్చడానికి మనుషుల్ని సముద్రం దాటించి తీసుకుపోతారా? నన్ను బడి మొహం చూడనిదానిలా చూడకు. మూడో తరగతి దాకా చదివాను. వాళ్ళు తీసేది ఇంకేదో ఉంది, నువ్వు చెప్పడం లేదు.

నీ ఉత్తరం యాదవ్వకు చదివి వినిపించాను. సత్తవ్వ అరిచిందంతా అబద్ధమని దానికి ముందే చెప్పాను కాబట్టి, సమాధుల మాట వచ్చినచోట మింగేశాను. మేడం మాట మాత్రం నోరు జారింది.

"మేడం ఎవలే అవ్వా? ఏం ఈడుంటది?" అంది.

"ముసల్ది" అన్నాను.

"నువ్వు జూసినవా?"

అప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకుంటోంది. అన్నం సగం వదిలేస్తోంది. ఆ మేడం వయసు రాసి పంపు. ఎంతయినా సరే, పెద్దదని రాయి.

మొన్న నడుం నొప్పి అంది. మంత్రసాని మంచం దిగొద్దని చెప్పింది. పోయినసారి కూడా నడుం నొప్పితోనే మొదలైంది. నేను అమ్మవారికి కల్లు మొక్కాను, కోడిని మొక్కాను, ఇంకేం మొక్కాలో చెప్పు. నువ్వేమో అక్కడ గుంతలో దిగి రోడ్డు అంటావు.

కోరుట్ల దేవదాసు మీ కంపెనీకే వస్తున్నాడు. మన చేలో పండిన పసుపు పొట్లం కట్టి అతని చేతికిచ్చాను. అందులో పది పైసల బిళ్ళ కూడా ఉంది. అది చొక్కా జేబులో పెట్టుకొనే పనికి పో. పచ్చిపాలు దొరక్కపోతే చాయ్‌లోకి తెచ్చుకున్న పాలయినా సరే. ముట్టకు, ఎవరికీ చూపించకు, కప్పెయ్యి. నిన్ను నేను ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఇదొక్కటీ అడుగుతున్నాను.

నిద్ర లేని
దేవవ్వ


బహ్లా
20 ఫిబ్రవరి 1977

అక్కా,

నువ్వు అడిగినట్టే చేశాను. ఇక నన్ను తిట్టడానికి నీకేమీ మిగల్లేదు.

దేవదాసు పొట్లం తెచ్చిన వారంలోనే జరిగింది. రషీద్ తోటలో చివరి ట్రెంచి అది. బాబు మియా నమాజుకు పోయాడు, మేడం అవతలి గుంతలో ఉంది. నేనొక్కణ్ణే కొసన మట్టి తీస్తున్నాను. మట్టి రంగు మారింది. ఇంకొంచెం తీస్తే మనిషి, అంతా ఎముకలే. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఒక పక్కకు తిరిగి, చలికి ముడుచుకొని పడుకున్నట్టు ఉన్నాడు. ముట్టలేదు అక్కా. యాదవ్వ మొహమే కళ్ళ ముందు ఆడింది. పసుపు చల్లాను, డబ్బాపాలు పోశాను, బిళ్ళ పెట్టాను. "పడుకో, నిన్నెవరూ లేపరు" అని చెప్పాను. పైన మట్టి కప్పి, కాలువ నీళ్ళు చల్లి, దిమ్మిసతో అదిమాను. బావి గట్లు కట్టిన చేతులకు అతుకు కనబడకుండా చెయ్యడం ఎంత పని?

"క్యా భూమయ్యా, ఏమన్న తాకిందా?" అన్నాడు బాబు మియా తిరిగొచ్చి.

"గట్టినేల తాకింది. ఏం లేదు."

మేడం వచ్చి చూసింది. ఏమీ లేదని రాసుకుంది. ఆ ట్రెంచి పూడ్చేశాం.

ఇప్పుడు తరవాతి సంగతి విను. రషీద్ తోటలో ఏమీ దొరకలేదని కాగితం పైకి పోయింది. చెట్ల మధ్య రోడ్డు గుర్తుకు ఎర్రగుడ్డ కట్టిన మేకులు దిగాయి. ఒక మేకు సరిగ్గా నేను పూడ్చినచోటి పక్కనే ఉంది. చెట్లు కొట్టేస్తారు, ఫలజ్ తెంపేస్తారు. నీళ్ళు తెగితే అవతల మిగిలిన తోట కూడా ఎండిపోతుంది. నిన్న రషీద్ వచ్చాడు. కర్ర ఎత్తలేదు. చెట్టుకు ఆనుకొని అడిగాడు: "అంత తవ్వారు గదా, ఏమీ లేదా? ఒక కుండ పెంకైనా?" బాబు మియా లేదన్నాడు. రషీద్ నా వైపు చూశాడు. నేను పార కడుక్కోవడానికి పోయాను.

నిన్నెవరూ లేపరని ఆ మనిషికి మాట ఇచ్చాను. మిషను వస్తే లేపడమా, పిండి చేసేస్తుంది. నీ మాట విన్నందుకు ఆ చచ్చినవాడికీ ఈ బతికినవాడికీ ఇద్దరికీ ద్రోహం చేశాను. మేడంకు చెప్పేద్దామనుకుంటున్నాను.

మేడం వయసు అడిగావు. నీ అంత ఉంటుంది. నీ అంతే అరుస్తుంది.

భూమయ్య


గుండ్లపల్లె
12 మార్చి 1977

చెప్పొద్దు.

పైన నీ పేరు కూడా రాయకుండా ఇదే ముందు రాస్తున్నాను భూమయ్యా. చెప్పొద్దు. చెబితే మళ్ళీ తవ్వుతారు. మళ్ళీ తవ్వితే నువ్వు కప్పి ఏం లాభం? దాచావని నిన్ను జైల్లో వేస్తారు. అక్కడి జైలు ఎలా ఉంటుందో నర్సయ్యను అడిగితే నాకేం తెలుసు అంటున్నాడు. తెలియకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఎవడా రషీద్? నిన్న మొన్నటిదాకా కర్ర ఎత్తినవాడు చెట్టుకు ఆనుకొని నిలబడగానే చుట్టమైపోయాడా? చెట్లు పోతే వాడు మళ్ళీ నాటుకుంటాడు. యాదవ్వ కడుపు పోతే నువ్వేం నాటుతావు? మొన్నటి నుంచే కాస్త అన్నం తింటోంది. నడుం నొప్పి తగ్గింది. ఎప్పటి నుంచి తగ్గిందో లెక్క చూసుకున్నాను. నువ్వు పసుపు చల్లిన రోజుల నుంచే తగ్గింది. ఇంతకన్నా నీకు ఏం కనబడాలి?

మేడం నా అంత ఉంటుందన్న ముక్క యాదవ్వకు చదివాను. "నీ అసొంటి ముసల్ది సముద్రం దాటిపోయి మట్టి గీకుతదా? నువ్వే కలిపి చదువుతున్నవే అవ్వా" అంది. నువ్వు నిజం రాసినా ఈ ఇంట్లో నమ్మేవాళ్ళు లేరు.

నోరు విప్పావంటే నాకు తమ్ముడివి కావు, అల్లుడివీ కావు.

దేవవ్వ


బహ్లా
2 ఏప్రిల్ 1977

అక్కా,

చెప్పొద్దన్న నీ ఉత్తరం ఈ రోజు చేతికొచ్చింది. నేను చెప్పేసి వారం కావస్తోంది. అంటే నీకు నేను వారం నుంచి ఏమీ కాను. అయినా రాస్తున్నాను.

ముందు బాబు మియాకు చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు. "అరే పాగల్! అప్పుడు గట్టినేల అంటివి, ఇప్పుడు మనిషంటవా? నా నోట్లె మట్టి కొట్టినవ్ గద!" అన్నాడు. అయినా మేడం దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె మిషను ఆపించింది. కంపెనీ సాహెబు వచ్చాడు, రషీద్‌ను కూడా పిలిచారు. అందరి ముందూ ట్రెంచి కొస మళ్ళీ తెరిచాం.

పైపొర తీయగానే పసుపు. దాని మీద మెరుస్తూ మన పది పైసల బిళ్ళ.

సాహెబు ఆ బిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. నేను ఎక్కడి నుంచో ఎముకలు తెచ్చి అక్కడ పాతానట. తోట మీదికి రోడ్డు రాకుండా రషీద్ నన్ను కొనుక్కున్నాడట. ఎముకలు పాతవే అయినా పాతిపెట్టింది మొన్ననే అంటాడు. మా ఊరి ఆచారం సాబ్ అంటే, చచ్చినవాడు మీ ఊరివాడా అని అడిగాడు. మేడం నా మొహం చూడడం మానేసింది.

రషీద్ మాత్రం ఊగిపోయాడు. "వీడికి నేను తాగడానికి నీళ్ళు కూడా ఇవ్వలేదు, ఎముకలిస్తానా?" అన్నాడు. నిజమే, ఇవ్వలేదు.

విన్నావా? పసుపు నీది, బిళ్ళ నీది. ఉత్త ఎముకలుంటే నమ్మేవాళ్ళు. నువ్వు చేయించిన పని వల్లే నిజమైన మనిషి దొంగ మనిషయ్యాడు.

ఇక ఒకటే దారి ఉందట. ఎముకలు పైకి తీసి, వాటి కింద నేల ఈమధ్య తవ్విందో, ఎప్పటిదో చూడాలి. మేడం తానే తీస్తానంది. సాహెబు ఒప్పుకోలేదు. పాతినవాడే తీయాలి, ఎక్కడిదాకా చెయ్యి పెట్టాడో అందరూ చూడాలి అన్నాడు. బాబు మియా ఒప్పుకొని తల వంచుకున్నాడు.

తీయాల్సింది నేనే, నా చేతులతో. నీ జవాబు వచ్చేలోపు అది అయిపోతుంది. కాబట్టి వద్దని రాసి కళ్ళు పాడుచేసుకోకు.

భూమయ్య


గుండ్లపల్లె
22 ఏప్రిల్ 1977

భూమయ్యా,

పసుపు నాదే, బిళ్ళా నాదే. చల్లి కప్పమన్నాను. మళ్ళీ తవ్వమన్నానా?

నీ ఉత్తరం అందగానే తంతి ఇవ్వడానికి బస్సెక్కి మెట్‌పల్లి పోయాను. "ఏం రాయాలె అవ్వా?" అన్నాడు పోస్టాఫీసు ఆయన. "ముట్టకు అని రాయి" అన్నాను. "ఏది ముట్టొద్దు? అది గూడ రాస్తెనే గద తెలుస్తది," అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఒకడు మెడ చాచి వింటున్నాడు. డబ్బులు మళ్ళీ కొంగున ముడేసుకున్నాను. తిరిగొచ్చేశాను.

బస్సులో అనుకున్నాను, ఇస్తే మాత్రం ఆగేవాడివా నువ్వు అని. ఆగేవాడివి కాదు. చిన్నప్పుడు పామును కూడా కట్టెతో కదిలించి చూసేవాడివి.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. యాదవ్వ అడిగితే పంటి నొప్పికి మందు కోసం పోయానన్నాను. ఇప్పుడు లేని పంటి నొప్పి పడాల్సి వస్తోంది.

ఏమైందో రాయి. రాయకు. కాదు, రాయి.

దేవవ్వ


బహ్లా
10 మే 1977

అక్కా,

తీశాను.

ముందు తల, తరవాత చేతులు. కాగితం కంటే తేలిక. మేడం ఎలా పట్టుకోవాలో చూపిస్తూ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కటెముకల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఖర్జూరపు వేరు ఒకటి వాటి మధ్య నుంచి దూరి, అవతల నేలలోకి దిగి ఉంది. నా చిటికెన వేలంత లావు. ఎముకకు అతుక్కుపోయి ఉంది. మేడం సాహెబును కిందికి దిగి చూడమంది. బూట్లకు మట్టి అంటుతుందని పైనుంచే చూశాడు. "ఎముకలు పాతిపెట్టొచ్చు, వేరును ఎవరు పాతిపెడతారు?" అని అడిగిందట. బాబు మియా నాకు చెప్పాడు. సాహెబు బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకా పక్కన తవ్వితే అలాంటివాళ్ళు మరికొందరు ఉన్నారు. రోడ్డును ఎండిపోయిన వాగు వైపు తిప్పేశారు. తోటలోంచి మేకులు పీకేశారు. ఫలజ్ పారుతోంది.

రషీద్ వచ్చి సలాం కొడతాడనుకున్నావా? ఎముకల పెట్టెలు బండికెక్కిస్తుంటే నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నా చెట్టు కింద పడుకున్నవాళ్ళను లేపి నా చెట్లు కాపాడమని నిన్నెవరు అడిగారు?" అన్నాడు. అని, తెగిన గడ్డిమడి సరిచేసుకోవడానికి పోయాడు. తోట నిలిచింది, అతనికి నా మీద కోపమూ నిలిచింది.

దాచినందుకు కంపెనీ నన్ను తీసేసింది. మేడం చెప్పి చూసింది, వినలేదు. పై వారం బొంబాయి చేరతాను. కామాటిపురాలో మన ఊరి ఇస్తారి రూములో దిగుతాను, అక్కడికి రాయి. నీ జవాబు చూసుకొని ఇంటికే. మొదటి ఉత్తరం నుంచి నీకు కావలసింది ఇదే గదా. వస్తున్నాను.

భూమయ్య


గుండ్లపల్లె
26 మే 1977

బొంబాయి, కామాటిపురా, ఇస్తారి రూములో ఉన్న భూమయ్యకు,

రావొద్దని రాయడానికే కూర్చున్నాను. రాస్తే నిజంగానే అక్కడ ఆగిపోతావేమోనని భయమేసి ఆ కాగితం చింపేశాను. ఇది రెండోది.

నువ్వు నోటితో చెబితే నమ్మనివాళ్ళు చెట్టు వేరు చెబితే నమ్మారు. అలాంటివాళ్ళ కోసం నా బిడ్డ కాన్పును పణంగా పెట్టావు. నేను చూడని ఆ రషీద్ అన్నదే నేనూ అంటున్నాను. నిన్నెవరు అడిగారు? ఈ లోకంలో నీ మీద నాతో సమానంగా కోపం ఉన్నవాడు వాడొక్కడే ఉన్నాడు.

యాదవ్వకు తొమ్మిదో నెల పడింది. పిల్ల కదులుతోంది. పొద్దున లేవగానే ముందు దాని కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను, విసుక్కుంటోంది. నువ్వు ఎముకలు పట్టిన సంగతి దానికి చెప్పలేదు. ఇంకా అక్కడే ఉన్నావని చెప్పాను. కాబట్టి నువ్వు ఈ ఇంటి గడప తొక్కడానికి లేదు. కాన్పు అయి, పురుడు కడిగేదాకా దాని కంటపడొద్దు.

బస్సు మన ఊళ్ళో దిగకు. ముందు స్టేజీలో దిగి, వాగు వెంబడి నడిచి మన చేలోని కొట్టానికి పో. అక్కడే ఉండు. కొట్టం ఊడ్చాను, ఎలుక బొరియలు మూశాను. సత్తవ్వకు చెప్పక తప్పలేదు, చేను దారి దాని వాకిలి ముందు నుంచే కదా. "గోరీలు తవ్వినోణ్ణి చేన్ల పెట్టుకుంటవా? పంట పండుతదా?" అని నానా మాటలంది. తరవాత దాని నులకమంచం అదే మోసుకొచ్చి కొట్టంలో వేసింది. యాదవ్వకు చెప్పనని తన కొడుకు మీద ఒట్టేసింది. దాని ఒట్టును నమ్మలేక రోజూ దాని వెంటే తిరుగుతున్నాను.

అన్నం నేనే తెస్తాను. గుమ్మం దగ్గర పెట్టి పోతాను. నీతో మాట్లాడను. నువ్వూ పలకరించకు, పలకరిస్తే మాట్లాడతానేమోనని భయం. కాళ్ళు మొక్కడానికి వంగకు, ఆ చేతులు నాకు తగలనివ్వను. తిన్నాక గిన్నె కడిగి బయట బోర్లించు. బోర్లించి ఉంటే తిన్నావనుకుంటాను. అడగను.

దేవవ్వ